డబ్బు కొనేది తీర్పునా, వాయిదాలనా?

తెనాలి_కాలవగట్టు:

అందరికీ నమస్కారం. నిన్న మా కేసు మళ్ళీ వాయిదా పడింది. ఇంటికొచ్చాక నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

ఆరేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున పాలకేంద్రంలో పాలు పోసి వస్తున్నాను. నా కళ్ళ ముందే ఒక పెద్ద కారు సైకిల్ మీద పోతున్న తాపీ మేస్త్రీని గుద్దేసి, ఆగకుండా పోయింది. స్టీరింగ్ దగ్గరున్న కుర్రాణ్ణి చూశాను. నెంబరు కూడా చెప్పాను. పోలీసులు స్టేట్‌మెంట్ రాసుకున్నారు, ఛార్జిషీటు వేశారు. నిన్నటితో కోర్టుకు పదకొండుసార్లు వెళ్ళాను. ఇంతవరకు బోను ఎక్కలేదు. ఒకసారి పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) గారు రాలేదు. ఒకసారి ముద్దాయికి ఒంట్లో బాగాలేదని డాక్టర్ సర్టిఫికెట్. ఒకసారి జడ్జి గారు బదిలీ. రెండుసార్లు లాయర్ల బాయ్‌కాట్. నిన్నేమో వాళ్ళ సీనియర్ లాయరుకు హైకోర్టులో పని ఉందట.

వాళ్ళ తరఫు పెద్దమనిషి ఒకాయన రెండుసార్లు మా ఇంటికొచ్చాడు. బెదిరించలేదు. మా అమ్మ ఇచ్చిన కాఫీ తాగాడు. "ఆరేళ్ళైంది కదా తమ్ముడూ, మసక చీకట్లో చూసింది ఏం గుర్తుంటుంది" అన్నాడు. "మేస్త్రీ భార్యకు ఇవ్వాల్సింది ఇచ్చాం, ఆమే ఊరుకుంది, మధ్యలో నీకెందుకు" అన్నాడు. ఆయన వెళ్ళాక కళ్ళు మూసుకుని ఆ కుర్రాడి మొహం గుర్తు చేసుకుందామని చూశాను. స్పష్టంగా రాలేదు. అప్పుడు భయం వేసింది.

పెద్దవాళ్ళ కేసులన్నీ ఇలాగే నడుస్తాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

వరంగల్_వకీలు:

తమ్ముడూ, ముందు ఒక మాట. ఊరు, కారు, మనిషి వివరాలు ఏవీ ఇక్కడ రాయొద్దు. రేపు క్రాస్‌లో అవే అవతలి లాయరు ప్రశ్నలేస్తూ నీ మీద వాడతాడు.

నేను పద్నాలుగేళ్ళుగా క్రిమినల్ సైడ్ చేస్తున్నాను. నువ్వు చెప్పింది చదువుతుంటే ఢిల్లీ బీఎండబ్ల్యూ కేసు కళ్ళ ముందు తిరిగింది. 1999 జనవరి 10, తెల్లవారుజాము, లోధీ కాలనీ. నేవీ మాజీ అధిపతి అడ్మిరల్ ఎస్.ఎం. నందా మనవడు సంజీవ్ నందా కారు కింద ఆరుగురు చనిపోయారు. వాళ్ళలో ముగ్గురు పోలీసులే. కారును గోల్ఫ్ లింక్స్‌లో స్నేహితుడి ఇంటికి తీసుకెళ్ళి రక్తం కడిగేశారు. బాధిత కుటుంబాలకు లక్షల్లో పరిహారం ముట్టింది. విచారణ దగ్గరికి వచ్చేసరికి, ప్రాణాలతో బయటపడ్డ మనిషి తనను గుద్దింది లారీ అని చెప్పాడు. కారు అన్నవాళ్ళూ మాట మార్చారు.

చనిపోయింది పోలీసులు. అయినా ప్రాసిక్యూషన్ నిలబడలేకపోయింది. కారణం చాలామందికి తెలియదు. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసుల విధాన చట్టం) కింద పోలీసులు రాసుకునే 161 సెక్షన్ స్టేట్‌మెంట్ మీద సాక్షి సంతకం ఉండదు. కోర్టులో "నేనలా చెప్పలేదు" అంటే అక్కడితో ఆ కాగితం విలువ దాదాపు పోయినట్టే. మేజిస్ట్రేటు ముందు ఇచ్చే 164 స్టేట్‌మెంట్‌కు కొంచెం బలం ఎక్కువ, కానీ అదీ ఒంటరిగా శిక్ష వేయించలేదు. కోర్టులో, ముద్దాయి ఎదురుగా, నోటితో చెప్పిందే సాక్ష్యం. సూత్రంగా అది సరైనదే, లేకపోతే పోలీసులు రాసుకున్నదే వేదమైపోతుంది. కానీ స్టేట్‌మెంట్‌కూ బోనుకూ మధ్య ఆరేళ్ళు ఉంటే ఆ ఆరేళ్ళూ ఎవరి చేతిలో ఉన్నాయన్నదే ప్రశ్న.

నా అనుభవంలో డబ్బున్నవాడు జడ్జిని కొనడు. ఆ అవసరం చాలావరకు రాదు. కాలాన్ని కొంటాడు. మిగతా పని కాలం చేసి పెడుతుంది.

సీతమ్మధార:

వకీలు గారూ, ఆ కేసులో తర్వాత ఏం జరిగిందో కూడా రాయండి. టీవీ వాళ్ళు ఏదో బయటపెట్టారు కదా.

వరంగల్_వకీలు:

అవునండి. 2007 మేలో ఎన్‌డీటీవీ ఒక రహస్య వీడియో ప్రసారం చేసింది. డిఫెన్స్ లాయరు ఆర్.కె. ఆనంద్, ఆయన మామూలు మనిషి కాదు, రాజ్యసభకు వెళ్ళొచ్చిన సీనియర్. ప్రభుత్వం పెట్టిన స్పెషల్ పీపీ ఐ.యు. ఖాన్. ఈ ఇద్దరూ ఒక ప్రధాన సాక్షితో వ్యవహారం నడుపుతూ దొరికారు. ఎదురెదురుగా నిలబడి వాదించాల్సినవాళ్ళు. 2008లో ఢిల్లీ హైకోర్టు కోర్టు ధిక్కారం కింద తప్పు పట్టింది. 2009లో సుప్రీంకోర్టు ఆనంద్ విషయంలో దాన్ని ఖాయం చేసింది. ఆ వీడియో ప్రసారం చేయడం ప్రజలకు మేలు చేసిందనే అంది.

నందాకు 2008లో కింది కోర్టు ఐదేళ్ళు వేసింది. హైకోర్టు రెండేళ్ళకు తగ్గించింది. 2012లో సుప్రీంకోర్టు ఎక్కువ శిక్ష పడే సెక్షనే పెట్టింది కానీ అప్పటికే జైల్లో ఉన్న కాలం చాలంది. దాంతోపాటు 50 లక్షలు కట్టమని, రెండేళ్ళు సమాజసేవ చేయమని చెప్పింది. 13 ఏళ్ళు పట్టింది ఇంతా కలిపి. ఆ వీడియో లేకపోతే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

నల్లమల:

అందుకే నేనంటాను, మనలాంటివాళ్ళకు మీడియా ఒక్కటే దిక్కు. టీవీలో వస్తే కేసు కదులుతుంది, రాకపోతే ఫైలు అలమారాలో ఉంటుంది. తెనాలి అన్నా, మీ కేసు కూడా ఎవరో ఒక రిపోర్టరుకు చెప్పండి.

పాత_డెస్కు:

నేను ఇరవై ఏళ్ళు తెలుగు పత్రికల్లో పని చేశాను, ఎక్కువ కాలం జిల్లా ఎడిషన్ డెస్కులో. నల్లమల గారు చెప్పింది సగం నిజం. ఆ సగం గురించి ముందు చెప్తాను.

జెసికా లాల్ కేసు. 1999 ఏప్రిల్ ఆఖర్లో, ఢిల్లీ మెహ్రౌలీ దగ్గర టామరిండ్ కోర్ట్ అనే చోట అర్ధరాత్రి దాటాక మందు పోయలేదని, అక్కడ బార్‌లో పనిచేస్తున్న ఈ మోడల్‌ను తుపాకీతో కాల్చి చంపారు. కాల్చిన మను శర్మ హర్యానా కాంగ్రెస్ నాయకుడు వినోద్ శర్మ కొడుకు. ఆ రాత్రి విందు నిండా జనం. అయినా 2006 ఫిబ్రవరి 21న కింది కోర్టు తొమ్మిది మంది ముద్దాయిలనూ వదిలేసింది. తుపాకీ దొరకలేదు. రెండు తూటాలు రెండు వేర్వేరు తుపాకుల నుంచి వచ్చాయన్న వాదన తెచ్చారు. ఎఫ్ఐఆర్‌కు ఆధారమైన సాక్షి, పోలీసులు హిందీలో రాసుకున్నారు, నాకు హిందీ రాదు అన్నాడు. ఆ చోటు నడిపిన బీనా రమణి కుటుంబం మాత్రం మాట మార్చలేదు.

తీర్పు వచ్చాక పత్రికలు, ఛానెళ్ళు వదల్లేదు. ఇండియా గేట్ దగ్గర కొవ్వొత్తులు వెలిగాయి. లక్షల ఎస్సెమ్మెస్‌లు వెళ్ళాయి. ఒక పత్రిక సాక్షులు ఎలా మాట మార్చారో రహస్యంగా రికార్డు చేసింది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు యావజ్జీవం వేసింది, 2010 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఏడేళ్ళలో కదలనిది పది నెలల్లో కదిలింది. చెల్లెలు సబ్రీనా లాల్ అన్నేళ్ళు కోర్టు చుట్టూ తిరగడం దాని వెనుక ఉంది, అది మరిచిపోకూడదు.

శిక్ష పడ్డాక కూడా డబ్బు పని చేస్తూనే ఉంటుంది. 2009లో అమ్మకు ఒంట్లో బాగాలేదని పెరోల్ మీద వచ్చిన మను శర్మ ఢిల్లీ నైట్‌క్లబ్బులో కనిపించాడు. గొడవయ్యాక తిరిగి జైలుకు వెళ్ళాడు.

ఇక మిగతా సగం. డెస్కులో మేం ఏం చేసేవాళ్ళమో చెప్తాను, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. పెద్ద ప్రకటనలు ఇచ్చే మనిషి కొడుకు కేసులో ఇరుక్కుంటే వార్త "ప్రముఖ వ్యాపారి కుమారుడు" అని వచ్చేది. పేరుండదు, ఫోటో ఉండదు, లోపలి పేజీలో నాలుగు లైన్లు. చెయిన్ స్నాచింగ్‌లో దొరికిన కుర్రాడికి మాత్రం పోలీసు అధికారుల వెనక మొహానికి గుడ్డ కప్పి నిలబెట్టిన ఫోటో, తండ్రి పేరు, కాలనీ పేరుతో సహా. ఒకరు "నిందితుడు". ఇంకొకరు "కిరాతకుడు", "కామాంధుడు". ఛార్జిషీటు రాకముందే. ఆ మాటలు నా చేత్తో నేనే హెడ్డింగులుగా పెట్టాను. ఎవరూ రాయమని చెప్పలేదు. అలవాటు.

సీతమ్మధార:

పాత డెస్కు గారూ, ఇది రాసినందుకు ధన్యవాదాలు. మీరు చెప్పిన ఆ అలవాటు ఎంత దూరం పోతుందో మనం హైదరాబాద్ పక్కనే చూశాం.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన ఘోరం అందరికీ గుర్తుంది. నేనూ ఆ రోజుల్లో నిద్రపోలేదు, నాకూ కూతురుంది. పట్టుబడ్డ నలుగురూ లారీల మీద పని చేసేవాళ్ళు. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర పోలీసుల కాల్పుల్లో నలుగురూ చనిపోయారు. కోర్టు లేదు, సాక్షి లేదు, వాయిదా లేదు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, వాళ్ళలో ముగ్గురు మైనర్లని, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని అందులో ఉంది. పూలు చల్లిన రోజు ఉన్న హడావుడి నివేదిక వచ్చిన రోజు ఎక్కడుంది?

ఆ నలుగురి స్థానంలో ఒక ఎమ్మెల్యే కొడుకు ఉంటే వారం రోజుల్లో అది జరిగేదా? వకీలు గారన్నట్టు డబ్బున్నవాడు కాలాన్ని కొంటాడు. లేనివాడికి కాలమే ఉండదు.

నల్లమల:

అక్కా, నేను ఆ రోజు స్వీట్లు పంచినవాణ్ణే. ఇప్పటికీ ఆ అమ్మాయి గురించి తలుచుకుంటే నాకు వేరే మాట రాదు. వాళ్ళే చేశారని పోలీసులు చెప్పారు కదా.

సీతమ్మధార:

తమ్ముడూ, పోలీసులు చెప్పిందే తీర్పయితే ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసు గురించి కూడా చదువు. 2007 డిసెంబరు, విజయవాడ పక్కన లేడీస్ హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య. 2008లో ఒక పేద దళిత కుర్రాణ్ణి పట్టుకొచ్చి వీడే అన్నారు. ఆ అమ్మాయి తల్లి మొదటి నుంచీ వీడు కాదు, అసలువాళ్ళను వదిలేసి వీణ్ణి పెట్టారు అని చెప్తూనే ఉంది. ఎవరు విన్నారు? 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని వదిలింది, దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోమంది, ఖర్చుల కింద లక్ష రూపాయలు ఇవ్వమంది. ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాక లక్ష. 2018లో కేసు సీబీఐకి వెళ్ళింది. కోర్టులో ఉండాల్సిన రికార్డులే ధ్వంసమయ్యాయని తేలింది.

కడుపు కోతలో ఉన్న తల్లి, "మా బిడ్డను చంపింది వీడు కాదు" అని ముద్దాయి తరఫున మాట్లాడటం నేను ఇంకెక్కడా వినలేదు.

నల్లమల:

ఆ కేసు తెలుసు కానీ తల్లి సంగతి తెలియదు. చదువుతాను అక్కా.

టాంపా_తెలుగు:

ఇక్కడ ఫ్లోరిడాలో ఉంటాను. ఇది మన దేశం జబ్బు మాత్రమే అనుకోకండి. జెఫ్రీ ఎప్‌స్టీన్ అనే కోటీశ్వరుడి మీద మైనర్ బాలికలపై అఘాయిత్యాల కేసు 2008లో పామ్ బీచ్‌లో ఒప్పందంతో ముగిసింది. అది కూడా బాధితులకు చెప్పకుండా. కౌంటీ జైల్లో పదమూడు నెలలు, అందులోనూ వారానికి ఆరు రోజులు పగలంతా బయట ఆఫీసుకు వెళ్ళొచ్చే వెసులుబాటు. 2018లో మయామీ హెరాల్డ్ పాత బాధితులను వెతికి, వాళ్ళ మాట రాస్తే గానీ మళ్ళీ కదల్లేదు. 2019 జులైలో అరెస్టు, ఆగస్టులో జైల్లో మరణం. ఇక్కడా లాయర్ల ఫీజు కట్టగలిగినవాడి కేసు వేరు, పబ్లిక్ డిఫెండర్ దొరికినవాడి కేసు వేరు.

పాత_డెస్కు:

టాంపా గారూ, మీరు చెప్పిన ఆ విలేకరి పని, మన టీవీ స్టూడియో అరుపులు ఒకటి కావు. పాత ఫైళ్ళు తీసి బాధితుల ఇళ్ళకు వెళ్ళడం ఒక పని. సాయంత్రం ఎనిమిదికి ఎవరు దోషో తేల్చేయడం ఇంకో పని. 2010లో మను శర్మ శిక్షను ఖాయం చేసిన తీర్పులోనే సుప్రీంకోర్టు మీడియా విచారణల ప్రమాదం గురించి కూడా రాసింది. నోయిడా జంట హత్యల కేసులో 2008 నుంచి మనం ఏం చేశామో చూడండి. చనిపోయిన పదమూడేళ్ళ పిల్ల గురించి ఛానెళ్ళలో ఏమేమి మాట్లాడారో తలుచుకోవడానికే మనసు రాదు. తల్లిదండ్రులకు శిక్ష పడి, 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు వదిలేసింది.

తెనాలి_కాలవగట్టు:

ఇంత మంది రాస్తారనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు.

నాకు మా పక్కనే ఉన్న చుండూరు గుర్తొస్తోంది. 1991 ఆగస్టు 6. నేను అప్పుడు చిన్నపిల్లాణ్ణి, తెనాలి ఆసుపత్రి దగ్గర జనం ఏడుపులు గుర్తున్నాయి. ఎనిమిది మంది దళితులను చంపి, గోనె సంచుల్లో కట్టి కాలవలో వేశారు. అక్కడ బాధితులు పట్టుబట్టి కోర్టునే ఊరికి రప్పించుకున్నారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. కూలి పోగొట్టుకుని దూరం వెళ్ళే పని లేకుండా, సొంత ఊళ్ళో నిలబడి సాక్ష్యం చెప్పారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. సాక్ష్యం చెప్పినవాళ్ళు, వదిలేసినవాళ్ళు అవే రోడ్ల మీద తిరుగుతారు. మా నాన్న దాని గురించి ఎప్పుడూ మాట్లాడడు. పదకొండుసార్లకే నేను అలసిపోయాను. వాళ్ళు పదహారేళ్ళు ఆగారు.

వరంగల్_వకీలు:

కోర్టును దగ్గరికి తెచ్చుకోవడం, లేదా దూరం పంపడం. బాధితుల చేతిలో ఉన్న అసలైన ఆయుధాల్లో ఇదొకటి. నితీష్ కటారా హత్య (2002 ఫిబ్రవరి) కేసులో ముద్దాయి వికాస్ యాదవ్ తండ్రి డి.పి. యాదవ్ ఉత్తరప్రదేశ్‌లో బలమైన నాయకుడు. నితీష్ తల్లి నీలం కటారా సుప్రీంకోర్టుకు వెళ్ళి విచారణను ఘజియాబాద్ నుంచి ఢిల్లీకి మార్పించుకున్నారు. 2008లో శిక్ష పడింది. అక్కడే ఉంచితే పడేదని నేను అనుకోను.

ఇంకో సంగతి, మనం ఎప్పుడూ పెద్ద కేసుల గురించే మాట్లాడతాం. రోజూ కోర్టులో నేను చూసేది బెయిలు. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5.73 లక్షల మంది ఉంటే అందులో 4.34 లక్షలు విచారణ ఖైదీలే. అంటే ఇంకా శిక్ష పడనివాళ్ళు. బెయిలు ఆర్డరు వచ్చినా షూరిటీలు (జామీను ఉండేవాళ్ళు) దొరక్క లోపలే ఉండిపోయినవాళ్ళను నేను ఎందరినో చూశాను. ఇల్లు లేనివాడు ఇంటి పన్ను రసీదు ఎక్కణ్ణించి తెస్తాడు? 1978లో మోతీరామ్ అనే తాపీ పనివాడికి పది వేల షూరిటీ అడిగితే, వేరే జిల్లా ఆస్తి చెల్లదంటే, జస్టిస్ కృష్ణయ్యర్ ఎంత బాధపడి తీర్పు రాశారో చదవాలి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది, బెయిలు వచ్చి నెలైనా బయటికి రాలేకపోతే కోర్టు తనంతట తాను షరతులు సడలించే సంగతి చూడాలని.

2024 మేలో పుణేలో పోర్షే కారు కింద ఇద్దరు కుర్ర ఇంజినీర్లు చనిపోతే, కారు నడిపిన మైనరుకు 15 గంటల్లో బెయిలు. షరతుల్లో ఒకటి 300 పదాల వ్యాసం. రక్తం శాంపిలే మార్చేశారని తర్వాత బయటపడి డాక్టర్లు అరెస్టయ్యారు. మైనరుకు బెయిలు ఇవ్వడం తప్పని నేను అనను. మా కోర్టులో సెల్‌ఫోన్ దొంగతనం కేసులో వచ్చే పిల్లాడికి కూడా అదే చట్టం, అంతే త్వరగా వర్తించాలని అడుగుతున్నాను.

బెంచి_క్లర్కు:

నేను రిటైరయ్యాను. ముప్ఫై రెండేళ్ళు కోర్టులో పని చేశాను. తెనాలి అబ్బాయి రాసింది చదివి నాకు చాలా బాధేసింది, ఎందుకంటే అలాంటి వాయిదాలు నా చేత్తో వేల సంఖ్యలో డైరీలో రాశాను.

బాబూ, చట్టంలో వాయిదాలు ఇష్టం వచ్చినట్టు ఇవ్వమని లేదు. సాక్షుల విచారణ మొదలైతే రోజువారీగా సాగాలని పాత సీఆర్‌పీసీ 309లోనూ ఉంది, ఇప్పటి కొత్త చట్టం 346లోనూ ఉంది. సాక్షి వచ్చి ఉంటే ప్రత్యేక కారణం రాయకుండా పంపించేయకూడదు. లాయరు వేరే కోర్టులో ఉన్నాడన్నది కారణమే కాదని అందులోనే స్పష్టంగా ఉంది. కానీ ఎదురు చెప్పేవాళ్ళు ఉండాలి. పీపీ లేచి అభ్యంతరం చెప్తే చాలాసార్లు జడ్జిలు వింటారు. చెప్పకపోతే "ఎట్ రిక్వెస్ట్" అని రాసి ముందుకు పోతాం. రోజుకు ఎన్నో కేసులు పిలవాలి, ఎవరి మొహమూ చూసే తీరిక ఉండదు. అది మా తప్పు కాదని నేను అనను.

ఒక పని చెయ్యి. పీపీ గారిని వాయిదాకు ముందే ఆఫీసులో కలువు. ఇన్నిసార్లు వచ్చానని, ఏ తేదీల్లో వచ్చానో కాగితం మీద రాసి ఇవ్వు. కోర్టు కానిస్టేబుల్ దగ్గర నీ హాజరు రాయించుకో. సాక్షి బత్తా (కోర్టుకు వచ్చిన సాక్షికి ఇచ్చే ఖర్చులు) అడుగు, నీ హక్కు అది, ఎవరి దయా కాదు. నీ దగ్గరికి వచ్చిన ఆ పెద్దమనిషి మూడోసారి వస్తే, 2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టొచ్చు. సుప్రీంకోర్టు దాన్ని చట్టంలా పాటించమంది. జిల్లా జడ్జి గారి అధ్యక్షతన కమిటీ ఉంటుంది, పోలీసులు ఐదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. మా జిల్లాలో ఆ దరఖాస్తు పెట్టినవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఉందని తెలియకే.

మేస్త్రీ గారి కుటుంబానికి లాయరు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళమను. 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు. పైసా అక్కర్లేదు.

నల్లమల:

ఇది అన్ని గ్రూపుల్లో పంపుతున్నాను సార్. బత్తా అనేది ఉందనే నాకు తెలియదు.

తెనాలి_కాలవగట్టు:

సార్, మీరు చెప్పినట్టే పన్నెండు తేదీలూ రాసుకున్నాను. మా అమ్మ క్యాలెండరు మీద పాల లెక్కతో పాటు కోర్టు రోజులు కూడా గుర్తు పెట్టింది, అందుకని దొరికాయి. పదకొండు అనుకున్నాను, పన్నెండు.

వకీలు అన్నా, ఆ మొహం స్పష్టంగా గుర్తు రావడం లేదని రాశాను కదా. బోనులో అడిగితే ఏం చెప్పాలి?

వరంగల్_వకీలు:

గుర్తున్నది గుర్తుందని చెప్పు. గుర్తు లేనిది గుర్తు లేదని చెప్పు. కారు నెంబరు గుర్తుందా?

తెనాలి_కాలవగట్టు:

ఉంది అన్నా. అది మాత్రం మరిచిపోలేదు.

నిన్న సాయంత్రం మేస్త్రీ గారి ఇంటికి వెళ్ళాను. ఆరేళ్ళలో మొదటిసారి. ఆమెకు ముట్టిందన్న డబ్బులు దహన ఖర్చులకు, ఆసుపత్రి బాకీకి సరిపోయాయట. "నేను ఊరుకున్నానని నీకెవరు చెప్పారు బాబూ, నన్ను కోర్టుకు రమ్మని ఎవరూ పిలవలేదు" అంది. వచ్చే వాయిదా 18న. తనూ వస్తానంది. పొద్దున పాలు పోశాక ఇద్దరం ఏడున్నర బస్సుకు బయల్దేరతాం.